అంగూర్ కాదు, పనస కాదు

హైదరాబాద్
3 ఆగస్టు 2025

వదినా,

మారోతి అన్న రేప్పొద్దున నాందేడ్ బండి మీద డ్యూటీకి ఎక్కుతున్నాడట. ఆలోపు ఈ ఉత్తరం అతని చేతిలో పెట్టాలని గబగబా రాస్తున్నాను. అక్షరాలు కోడి గెలికినట్టుంటే కోప్పడకు.

ఫోన్ చేస్తే అన్న పక్కనే కూర్చుని "స్పీకర్ పెట్టు" అంటాడనీ, మనమిద్దరం అతని గురించి ఏం గుసగుసలాడుతున్నామో తేలేదాకా వదలడనీ నువ్వే కదా ఈ ఉత్తరాలు మొదలుపెట్టించావు! నాకూ ఇదే బాగుంది. అన్నతో కలిసి పనిచేసిన రైలు గార్డులు బండ్లెక్కినన్నాళ్లు మన టపాకు స్టాంపు కూడా అక్కర్లేదు. అన్న ఆపరేషన్ అయ్యాక మీరు నాలుగు నెలలు నా దగ్గరే ఉండి వెళ్లారు కదా, ఇప్పుడు ఇల్లు బోసిగా ఉంది. పొద్దున్నే నీ తిట్లు వినపడకపోతే నాకు మెలకువ రావడం లేదు.

ముందు నా సంబరం చెప్పనివ్వు. మొన్న మా ల్యాబులో ఒక ఊపిరితిత్తి గాజు మూత కింద ఊపిరి పీల్చింది! ఒంట్లో కాదు వదినా, బల్ల మీద! మెషిన్ గాలి పోస్తుంటే ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది. వచ్చినప్పుడు బూడిద రంగులో ఉన్నది చూస్తుండగానే గులాబీ రంగుకు తిరిగింది. నేను పక్కనున్న అమ్మాయి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఆమె "అక్కా, గాజులు పగులుతాయి" అంది.

ఎందుకీ తతంగం అంటావా? అన్న ఛాతీలో ఉన్నవి వేరెవరివో ఊపిరితిత్తులు. ఒంటికి కాపలా కాసే తెల్లకణాలకు ఆ సంగతి తెలుసు. "వీడెవడు మన ఇంట్లో?" అని మీద పడతాయి. దాన్నే రిజెక్షన్ అంటారు. అలా పడకుండా వాటిని అణిచి ఉంచడానికే అన్న రోజూ ఆ మందు మింగుతున్నాడు, బతికినన్నాళ్లూ మింగాలి. మేం చేస్తున్నది అంతకంటే ముందు పని. ఊపిరితిత్తి ఇచ్చిన మనిషి తెల్లకణాలు కూడా కొన్ని అందులో దాక్కుని వస్తాయి. కొట్లాట సగం వాటితోనే మొదలవుతుంది. లోపల పెట్టకముందే వాటిని మెషిన్లో కడిగేస్తే కొట్లాట తగ్గుతుందా అని చూస్తున్నాం. ఇప్పటికైతే ఎవరికీ పెట్టడానికి పనికిరావని తేలిన వాటి మీదే, వాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే చేస్తున్నాం.

డాక్టర్లు ఇచ్చిన కాగితం చదివించుకున్నావా? కాఢాలు, కషాయాలు వద్దు, తిప్పతీగ రసం వద్దు, పవర్ పెంచే పొడులు అసలే వద్దు. ఎవరు ఎంత ప్రేమగా తెచ్చి ఇచ్చినా సరే.

అన్న మాస్కుకు కాపలా కాస్తున్న పోలీసమ్మకు బోలెడు ముద్దులు.

నీ ఆడబిడ్డ,
త్రివేణి


నాందేడ్
10 ఆగస్టు

మా ఇంటి ఊపిరితిత్తుల డాక్టరమ్మకు,

నీ చిట్టీ మారోతి భావజీ ఇచ్చి, చాయ్ తాగి పోయిండు. నువ్వు పుస్తకం తెలుగు రాస్తవు, నాకు గది రాదు. నేను నోటికి అచ్చినట్టే రాస్త, నవ్వకు.

ముందుగాల ఖుష్‌ఖబర్ ఇను. నిన్న పొద్దుగాల మీ అన్న ఇంట్ల నుంచి గోదావరి ఘాట్ దాక నడిచిండు! నడుమల యాడ కూసోలే! పోయిన ఏడాది గిదే మనిషి మంచం మీది నుంచి బాత్రూం కాడికి పోవాలంటే సిలిండర్ ఎంబడి ఉండాలె. నిన్న నేనే ఎనుకపడ్డ. "జర మెల్లగ నడువుండ్రి" అంటే "నీకేమైందే, నడువరాదా" అంటుండు సూడు! నాకు రోడ్డు మీదనే ఏడుపచ్చింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకున్న.

నీ తెల్లకణాల ముచ్చట సదివి మస్తు నవ్విన. గా ఊపిరితిత్తులంటే ఇంటికి అచ్చిన కొత్త కోడలు అన్నట్టు. తెల్లకణాలంటే ఆడబిడ్డలు! నేను గీ ఇంట్ల కాలు పెట్టినప్పుడు నువ్వేం చేసినవ్? "మా వదిన కూరల ఉప్పు కుప్పలు పోస్తది" అని వాడకట్టంత చాటింపు ఏసి రాలేదా? అప్పట్లనే నీకు గీసొంటి మందు దొరికితే రెండు పూటల తినిపిస్తుంటి.

కాయితం అంత ఇంగ్లీషుల ఉన్నది. బిడ్డ ప్రణాలి కాలేజీ నుంచి అచ్చి సదివి చెప్పింది. అందుల గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని రాసి ఉన్నదట. గ్రేప్ అంటే అంగూర్, ఫ్రూట్ అంటే పండు. ఇగ అంగూర్ బందు! కిస్మిస్ డబ్బా గూడ ఎత్తి పక్కింటి వత్సలబాయికి ఇచ్చిన. ఆమె రవ్వ షిరాల ఏసుకొని నాకే తెచ్చి పెట్టింది, మీ అన్నకు ముట్టనియ్యలే. నీ వదిన సంగతి ఎట్లనుకున్నవ్!

ఒక్కటి మాత్రం సమజ్ అయితలేదు. ఊరోళ్లంత "తాకత్ పెంచుకో" అంటరు, మీరేమో తాకత్ తగ్గే మందు ఇస్తరు. ఎవలకు చెప్పినా నమ్మరు. అందుకే కాఢా తెచ్చినోళ్లకు మంచిగ నవ్వి, తీస్కొని, మోరీల పోస్తున్న.

ఇంకొకటి. మా సంగప్పన్న సగరోళి తోట నుంచి వారం వారం పండ్లు పంపుతుండు. మందు కొట్టని పండ్లు, సొంత చెట్టుయి. పెట్టొచ్చునా లేదా రాయి.

ఉప్పు ఎక్కువేసే నీ వదిన,
సత్యభామ


హైదరాబాద్
17 ఆగస్టు

కొత్త కోడలు వదినకు, పాత ఆడబిడ్డ రాస్తున్నది:

నీ ఉత్తరం బస్సులో చదివి పైకే నవ్వాను. పక్కసీటు ఆవిడ లేచి వేరే చోట కూర్చుంది. ఉప్పు ఎక్కువైన మాట అబద్ధమా చెప్పు? అమ్మ కూడా ఆ రోజు మూడు చెంబుల నీళ్లు తాగింది.

గోదావరి ఘాట్ దాకా! ల్యాబులో అందరికీ చెప్పాను. మా పెద్ద డాక్టరు గారు "మీ అన్నయ్య ఫోటో పంపమనండి" అన్నారు. మాస్కు పెట్టుకుని ఉన్నదే పంపు, లేకపోతే నన్ను తిడతారు.

అయ్యో వదినా, గ్రేప్‌ఫ్రూట్ అంటే అంగూర్ కాదు! పేరులో గ్రేప్ ఉందంతే, దానికీ ద్రాక్షకూ ఏ చుట్టరికమూ లేదు. మన తెలుగులో చెప్పాలంటే పంపరపనస లాంటిది. పంపరపనసా వద్దు. అది తింటే మందు ఒంట్లో అరగదు, రక్తంలో పేరుకుపోయి కిడ్నీలను కొడుతుంది. పంపరపనస అనే ఈ పేరు మా ల్యాబులో రాజమండ్రి అమ్మాయి నేర్పింది. చూశావా, హైదరాబాద్ వచ్చాక నా తెలుగు ఎంత బాగుపడిందో! కిస్మిస్ డబ్బా వత్సలబాయి దగ్గర వెనక్కి అడగకు, బాగుండదు. వేరేది కొనుక్కో.

సంగప్ప బావ తోట మోసంబీలేనా? వాటికేం, నిశ్చింతగా పెట్టు. బాగా కడిగి, నీ చేత్తోనే వొలిచి పెట్టు.

కొట్లాట మానేసిన తెల్లకణం,
త్రివేణి


నాందేడ్
31 ఆగస్టు

త్రివేణీ,

ఇక్కడ వానలు దంచికొడుతున్నయి. గణపతి మంటపాలల్ల నీళ్లు జొచ్చినయి. మీ అన్నను మందిల తోలలే, గచ్చి మీది నుంచే మొక్కుమన్న. ఆయన మొక్కుకుంట మొక్కుకుంట ఆరతి గూడ పాడిండు. గొంతు ఎట్లున్నదనుకున్నవ్! కింది నుంచి పిల్లలు తలకాయలెత్తి సూసిండ్రు.

ఫణస గురించి బేఫికర్ ఉండు. గది కొంకణ్ల కాసేది, మా బజార్లకు ఏడాదికి ఒక్కసారి అస్తే అచ్చినట్టు. మీ అన్నకు ఆ వాసనే పడదు. ఆ పనస పేరు గూడ ఇంట్ల ఎత్తం. సంగప్పన్న పండ్లు మాత్రం నువ్వు చెప్పినట్టు కడిగి, వొలిచి, పొద్దుగాల ఒకటి, పొద్దుమూకి ఒకటి పెడుతున్న. మస్తు కాసినయట ఈసారి, సంచులకు సంచులు పంపుతుండు.

ఇప్పుడు అసలు ముచ్చట! పోయిన వారం మీ అన్న చేతులు వణుకుడు పెట్టినయి. చాయ్ కప్పు సాసర్ల గలగల గలగల. నాకు పానం పోయినట్టే అయింది. నెత్తురు పరీక్ష చేయిస్తే హైదరాబాద్ నుంచి డాక్టర్లు ఫోన్ చేసి ఏం చెప్పిండ్రనుకున్నవ్? మందు ఒంట్ల ఎక్కువ ఉన్నదట, సగం చెయ్యుమన్నరు! సగం! అంటే మనిషి బాగైతున్నట్టే గదా! మందు సగం అయిందంటే రోగం సగం అయినట్టే గదా! నేను ఆగలే. దూద్ పేడాలు తెప్పించి వాడకట్టంత పంచిన. సుమిత్రాబాయి "ఏంది, బిడ్డ పెండ్లి కుదిరిందా" అన్నది. "అంతకన్న పెద్ద ముచ్చట" అన్న.

మారోతి భావజీ చేతికి నీ పేడా పంపిస్తున్న. దారిల తినకుంటె నీకు చేరుతది.

సంబరంల ఉన్న నీ వదిన,
సత్యభామ


హైదరాబాద్
7 సెప్టెంబర్

వదినా,

పేడా చేరింది, సగం. మిగతా సగం మారోతి అన్న మీసాల మీద కనిపించింది.

నీ సంబరం మీద నీళ్లు పోయడం నాకిష్టం లేదు. కానీ పేడాలు పంచే సంగతి కాదే ఇది! ఈ మందు తగ్గించడమంటే జబ్బు తగ్గినట్టు కాదు. అది ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయి, తక్కువైతే తెల్లకణాలు లేచి ఊపిరితిత్తుల మీద పడతాయి. మధ్యలో ఉన్న సన్నటి గట్టు మీద అన్న నడుస్తున్నాడు. మొన్నటిదాకా సరిపోయిన మోతాదు ఉన్నట్టుండి ఎందుకు ఎక్కువైంది? డాక్టర్లూ అదే తలగోక్కుంటున్నారు. కొత్తగా ఏమైనా మింగుతున్నాడా? ఎవరైనా చాటుగా కాఢా తాగిస్తున్నారా? పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తింటాడో అంతా రాసి పంపు. పనస జోలికి పోలేదన్నావు, అది మంచి పని.

ఇటు నా సంగతి చెబితే నిద్రపట్టదు నీకు. మెషిన్లో ఊపిరితిత్తిని కడిగిన నీళ్లు పరీక్షకు పెట్టాం. అందులో దాత తెల్లకణాలు కుప్పలు కుప్పలు! అంటే నిజంగానే బయటికి వస్తున్నాయి! తర్వాత అదే ఊపిరితిత్తికి వేరే మనిషి రక్తం తగిలించి చూస్తే వాపు తక్కువగా ఉంది. ఒక్కదాని మీదే చూశాం, పెద్ద డాక్టరు గారు "ఇంకా చాలా చూడాలి, ఎగరొద్దు" అన్నారు. నేను మెట్ల దగ్గరికి వెళ్లి ఎగిరి వచ్చాను. అన్నలాంటి వాళ్లకు ముందు ముందు ఇంత భయం ఉండదేమో వదినా. ఆ రోజు నేను చూస్తానేమో.

తొందరగా రాయి.

త్రివేణి


నాందేడ్
25 సెప్టెంబర్

త్రివేణికి,

పేడా పంచితే గూడ తిట్లు పడ్డయి. మీ సదువుకున్నోళ్లతోని సంబరం గూడ పర్మిషన్ తీస్కొని చెయ్యాలె. రెండు వారాలు అలిగిన, అందుకే రాయలే. ఇప్పుడు అలక అయిపోయింది.

ఏం తింటడంటవా? పొద్దుగాల గోధుమ రవ్వ ఉప్మా. పగటీలి జొన్నరొట్టె, పెసరపప్పు, ఏదో ఒక కూర. రాత్రి అన్నం, చారు. నడుమల నువ్వు పెట్టుమన్న సంగప్పన్న పండ్లు. కాఢా గిట్ల ఎవలు తాపుతలేరు, నా కండ్లు గప్పి గీ ఇంట్లకు చీమ గూడ రాదు. పండ్లు గూడ ఇప్పుడు లేవు, చెట్టు ఖాళీ అయింది. అవి బందు అయినకాడి నుంచి మీ అన్న చేతుల వణుకుడు గూడ పోయింది.

జర ఆయాసపడుతుండు. ఘాట్ దాక పోతలేడు, సందు మలుపు కాడికి పోయి మల్లి అస్తుండు. రోజు ఊపిరి కొలుసుకునే ఊదే మిషన్ల గూడ నంబర్ దిగింది. వాన గాలికి గట్ల అయితుందంటుండు. నాకు గూడ ఒళ్లు వెచ్చగున్నది, గొంతు నొస్తున్నది. ఊరంత గిదే జరం.

నీ కోసం ఆఖరి రెండు పండ్లు గడ్డిల దాచిపెట్టిన. మారోతి భావజీ సంచిల ఉన్నయి. తోలు మందం, లోపలి పొర చేదుంటది, గది తీసి తిను. మీ అన్నకు నేను ఒక్కొక్క తొనకు పొర తీసి పెట్టిన. గోర్లు పచ్చగైనయి.

నీ వదిన,
సత్యభామ


హైదరాబాద్
26 సెప్టెంబర్

వదినా,

ఇందాక ఫోన్లో అరిచాను. నువ్వు ఏడుస్తున్నా ఆపలేదు. ఇప్పుడు చేతులు కడుక్కుని, కాస్త నీళ్లు తాగి రాస్తున్నాను. ఇది నువ్వొక్కదానివే చదువు.

మారోతి అన్న సంచి ఇచ్చి వెళ్లాక విప్పాను. మోసంబీలు ఉంటాయనుకుని చెయ్యి పెట్టాను. చేతికి మోసంబీ అందలేదు, తలకాయంత పండు అందింది. బయటికి తీసి చూస్తే పంపరపనస! వినాయకచవితికి ఇక్కడివాళ్లు పాలవెల్లికి కడతారే, అదే! "ఇదేంటి?" అని అడిగితే నువ్వు ఫోన్లో ఎంత మామూలుగా "చకోత్ర గదనే, తెల్వదా?" అన్నావు!

చకోత్రే పంపరపనస. పంపరపనస అంటే ఫణస కాదు, దానికీ పనసచెట్టుకూ పేరులో తప్ప ఇంకెక్కడా పొత్తు లేదు. డాక్టరు గ్రేప్‌ఫ్రూట్ అంటే నీకు అంగూర్ అయింది, నేను పంపరపనస అంటే నీకు పనస అయింది. మధ్యలో అసలు పండు రోజుకు రెండు చొప్పున అన్న కడుపులోకి పోయింది. అది పోతున్నన్నాళ్లు మందు రక్తంలో పేరుకుంది, చేతులు వణికాయి, డాక్టర్లు మందు సగం చేశారు. ఇప్పుడు పండ్లు అయిపోయాయి. ఆ సగం మందు ఇక సరిపోదు. అన్నది వానగాలి ఆయాసం కాదు వదినా.

తప్పు నీదని రాత్రంతా కూర్చోకు. మోసంబీలేనా అని అడిగి జవాబు కోసం చూడకుండానే "పెట్టు" అన్నది నేను. పుస్తకం తెలుగు మీద మోజుతో ఇంటి మాట మరిచిందీ నేనే. చిన్నప్పుడు నాందేడ్ బజారులో ఆ పండును చూసే ఉంటాను, చకోత్ర అని నేనూ అనే ఉంటాను. ఆ ఒక్క మాట రాసి ఉంటే ఇదంతా లేకపోయేది.

డాక్టర్లతో మాట్లాడాను. సంగప్ప బావ రేపు తెల్లారే కారులో అన్నను తీసుకొస్తున్నాడు. నువ్వు రావద్దు. జ్వరంతో ఉన్నావు, అన్న గదిలోకి కూడా వెళ్లకు, బట్టలు ప్రణాలి సర్దుతుంది. గుమ్మం దగ్గర నుంచే పంపు. కష్టమే, నాకు తెలుసు.

త్రివేణి


నాందేడ్
2 అక్టోబర్

త్రివేణీ,

ఇయ్యాల దసరా. అందరు జమ్మి లెక్క బంగారమని పంచే ఆపట ఆకులు పట్టుకొని "సోనం తీసుకో" అనుకుంట అచ్చిండ్రు. నేను తలుపు తియ్యలే. ప్రణాలి బయట నిలబడి తీసుకున్నది.

మీ అన్న కారెక్కేటప్పుడు నేను కిటికీల నుంచి సూసిన. ఆయన చెయ్యి ఊపిండు. దగ్గరికి పోవుడు లేదు, చెయ్యి పట్టుడు లేదు. కారు మలుపు తిరిగినంక కిటికీ మూసిన.

నువ్వు ఎన్ని చెప్పు, పెట్టింది నా చెయ్యి. కొత్త కోడలు, ఆడబిడ్డ అని ముచ్చటకు రాసిన. ఇప్పుడు ఆ కోడలిని ఇంట్ల నుంచి ఎల్లగొట్టింది నేనే అయితి. ఎవలదో కడుపుకోత తల్లీ అది. పెద్దమనసు చేసి, తమ మనిషిని కాలవెడుతున్న పూట గూడ "తీసుకోండ్రి" అని ఇచ్చిపోయిండ్రు. వాళ్ల పేరు తెల్వదు, ఊరు తెల్వదు. వాళ్లు ఎదురుపడితే నేను ఏం మొఖం పెట్టుకొని సూడాలె? పొర తీసి, తొనలు చేసి, తాకత్ అస్తదని మురుసుకుంట మురుసుకుంట పెట్టిన గదనే!

ఫోన్ చేస్తే మీ అన్న "మంచిగున్న" అంటడు. ఆయన మంచిగ లేనప్పుడు గూడ గట్లనే అంటడు. నువ్వు నిజం రాయి. ఎట్లున్నా రాయి.

సత్యభామ


హైదరాబాద్
8 అక్టోబర్

నా బంగారు వదినకు,

నిజమే రాస్తున్నాను, నా మీద ఒట్టు! అన్న ఊదే నంబరు ఎక్కుతోంది!

మొదటి నుంచి చెప్తాను. గొట్టం వేసి ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి చూశారు. తెల్లకణాలు మీద పడ్డ మాట నిజమే, రిజెక్షన్ మొదలైంది. కానీ ముదరలేదు. మూడు రోజులు సెలైన్లో స్టిరాయిడ్ ఎక్కించారు, పాత మందు మోతాదు సరిచేశారు. మొదటి రెండు రోజులు ఏ తేడా లేదు. నేను గది బయట నిలబడి గోళ్లు కొరుక్కున్నాను. మూడో రోజు ఒక మెట్టు ఎక్కింది. నిన్న ఇంకో మెట్టు. ఇవాళ ఊది, మిషన్ నర్సు వైపు తిప్పి, పరీక్ష పాసైన పిల్లాడిలా చూశాడు. డాక్టరు గారేమన్నారో విను: "ఇంకో రెండు వారాలు పండు సంగతి తెలియకపోయి ఉంటే మా చేతిలో ఉండేది కాదు. ఆ సంచి పంపినావిడ ఎవరో ఆమెకు థాంక్స్ చెప్పండి." నువ్వేనే ఆవిడ! నువ్వు ఆఖరి రెండు పండ్లు నాకోసం దాచకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంకో మాట. అన్నను అడిగాను, "అంత చేదు పండు రోజుకు రెండు ఎట్లా తిన్నావు? వదినేమో నీకు నోటికి హితవుగా ఉన్నాయనుకుని పెడుతూనే ఉంది" అని. ఏమన్నాడో తెలుసా?

"నాకు చకోత్ర చిన్నప్పటి సందే పడదే. కానీ ఆమె ముంగట కూసొని, పొర తీసి, ఒక్కొక్క తొన చేతుల పెడుతుంటే వద్దనబుద్ధి కాలే. నాలుగేండ్ల సంది ఆమె నాకు మందు గోలీలే పెట్టింది. మొట్టమొదటిసారి పండు పెడుతుంటే ఎట్ల కాదంట?"

మీ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మొట్టాలి! నోరు తెరిచి "నాకు పడదు" అంటే పోయేది కదా!

నీ జ్వరం తగ్గి వారం దాటితే వచ్చే మంగళవారం పంపించేస్తాను. నవంబరులో మళ్లీ తెచ్చి, ఇంకో ముక్క తీసి చూస్తారు. అది బాగుంటేనే గండం గడిచినట్టు. అప్పటిదాకా పేడాలు బందు.

నీ త్రివేణి


నాందేడ్
19 నవంబర్

త్రివేణీ, త్రివేణీ,

నువ్వు పొద్దుగాల ఫోన్ చేసి మురిసిపోయినవ్, నేను "ఊ" అని పెట్టేసిన గదా, ఏమైందని పరేశాన్ అయి ఉంటవ్. ఏమైందో రాస్త. ఫోన్ల చెప్తే మీ అన్న మల్ల నవ్వుతడు.

ముక్క తీసి మొన్న ఇంటికి తోలిచ్చినవ్. రిపోర్ట్ ఫోనుకే అస్తదన్నవ్. నిన్న పొద్దుమూకినంక ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోన్ మోగింది. నేనే తీసి సూసిన. ఇంగ్లీషుల మస్తు రాసి ఉన్నది. అందుల నాకు సదవ అచ్చింది ఒక్కటే: ఏ-జీరో, బీ-జీరో.

రైల్వే మనిషిని చేసుకొని ఇరవై ఏండ్లాయె, వాళ్ల మెడికల్ కేటగిరీలు నాకు తెల్వయా? డ్రైవర్లకు ఏ-వన్. గార్డులకు ఏ-టూ. ఆఫీసుల కూసునేటోళ్లకు సీ-వన్, సీ-టూ. దసరాకు తీసిన ముక్కకు ఏ-టూ అచ్చిందని ప్రణాలి చెప్పినప్పుడు, గార్డు కేటగిరీనే గదా, పాసే గదా అని నేను మనసుల మొక్కుకున్న. ఏ-జీరో అని రైల్వేల యాడన్న ఉన్నదా? ఏ కేటగిరీల లేడన్నట్టు! ఏ పనికి రాడన్నట్టు! ఇగ ఆ ఊపిరితిత్తులు ఉత్తగైనయనుకున్న. ఫోన్ పట్టుకొని వంటింట్ల గోడకు ఆనుకొని కూసున్న. కొంగుల మొఖం పెట్టి ఏడ్సిన.

ఆయన తల తుడుసుకుంట అచ్చిండు. "ఏమైందే?" అన్నడు. నేను ఫోన్ ఇచ్చిన. సదివిండు. సదివి నా మొఖం సూసిండు. "ఎందుకు ఏడుస్తున్నవ్?" అన్నడు. కేటగిరీ ముచ్చట చెప్పిన.

"ఓ పిచ్చిదానా! గిది రైల్వే మెడికల్ కాదే, కొట్లాట ఎంతున్నదో చెప్పే నంబర్! జీరో అంటే లేదు! కొట్లాటే లేదు!"

ఇగ నవ్వుడు మొదలువెట్టిండు. గోడ పట్టుకొని నవ్విండు. పీట మీద కూసొని నవ్విండు. "నాకు ఏ-వన్ గూడ ఇయ్యలేదా" అనుకుంట కండ్ల నీళ్లు తుడుసుకొని మల్ల నవ్విండు. నేను ఏడుసుడు ఇడిసిపెట్టి ఉరికి పోయి గ్లాసుల నీళ్లు ముంచుకొచ్చి ఆయన పక్కన నిలబడ్డ. ఎందుకంటవా? నాలుగేండ్లాయె, ఆయన ఎప్పుడు నవ్వినా ఎనుక దగ్గు అస్తది. దగ్గి దగ్గి మొఖం నల్లగ అయితది, నేను వీపు రుద్దుకుంట నీళ్లు తాపుత. నవ్వొద్దని నేనే చెప్పిన ఆయనకు, ఇంట్ల ఎవలు జోకులు చెప్పొద్దని పిల్లకు గూడ చెప్పిన.

నిలబడే ఉన్న. ఆయన నవ్విండు, నవ్విండు, ఆగిండు. ఊపిరి తీసుకున్నడు. నేను గ్లాసు ముందుకు పెట్టిన.

"గా నీళ్లు ఎవలకే?" అన్నడు.

నేనే తాగిన.

నీ వదిన,
సత్యభామ